ఆకేరు ఇసుకలో తీతువు గుడ్లు

మరిపెడ దగ్గర ఆకేరు వాగులో తీతువు పిట్టలు గుడ్లు పెడతాయి. ప్రతి వేసవిలో వాటిని చూడడానికి మా ఆవిడ సుజాత మెడలో దుర్భిణి వేసుకుని వెళ్లేది. నేను సంచి మోసేవాణ్ణి. నిరుడు వానాకాలంలో ఆమె చనిపోయింది. ఏప్రిల్ రాగానే, పిట్టలు వచ్చాయో లేదో ఎవరో ఒకరు చూడాలి కదా అనిపించి ఒక్కణ్ణే బయలుదేరాను.

వరంగల్‌లో తెల్లవారుజామున తొర్రూరు మీదుగా పోయే బస్సు ఎక్కితే ఎనిమిదిలోపు మరిపెడలో దిగవచ్చు. టికెట్ నూట ఇరవై దాకా అవుతుంది, ఆడవాళ్లకు ఉచితం. వాగు వంతెనకు ఆటో రానుపోను నాలుగు వందలు. వంతెన కింద ఒక్క పాయే పారుతోంది. ఇసుక తీసిన గుంతలు నిరుటికంటే దగ్గరికి వచ్చాయి. ఒడ్డున పుచ్చతోట వేసిన ఎల్లమ్మ నన్ను గుర్తుపట్టింది.

“మేడం రాలేదా సార్?”

చెప్పాను. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కాసేపటికి, “ఆడ పొదుగుతాంది, సూడుండ్రి” అని చెయ్యి చాపింది. గులకరాళ్ల మధ్య తీతువు కూర్చుని ఉంది.

అంతలో ఇసుక ట్రాక్టర్ దిగింది. పిట్ట లేచి అరుస్తూ చుట్టూ తిరగసాగింది. నాలుగు గుడ్లు ఎండకు బయటపడ్డాయి. ఆ ఎండలో అవి ఉడికిపోతాయి. తల్లి పాయలో పొట్ట ఈకలు తడుపుకొచ్చి వాటిని చల్లబరుస్తుంది. మనుషులు దగ్గరుంటే మాత్రం దిగదు.

“అరేయ్ రాజూ, ఆగు బిడ్డా! గుడ్లున్నయ్,” అని ఎల్లమ్మ ట్రాక్టర్ నడిపే కుర్రాడికి కేకేసింది.

“గా పిట్టకు ఒర్లుడు తప్ప పనేముంది పెద్దమ్మా? నీ తోటకు కావలి పెట్టుకున్నవా?”

“నీకన్న నయమేరా. అడుగకుంట కాయ తెంపదు.”

రాజు నవ్వుతూ దిగి రాయి తీశాడు. “తీతువ ఒర్లితే సావు అస్తదంటరు. కొట్టి ఎల్లగొడ్త.”

“మా ఇంటికి ఏ పిట్టా అరవకుండానే వచ్చింది,” అన్నాను.

అతను ఎల్లమ్మ వైపు చూశాడు. “దుర్బిన్ మేడం లేదారా, ఆమె పోయింది,” అంది ఆమె.

రాజు రాయి కింద పడేశాడు. “నాకు గూడ సూపెట్టింది సార్, దుర్బిన్ల,” అన్నాడు. ట్రాక్టర్‌ను వెనక్కి తీసి, ఎగువ తొవ్వన పోయాడు.

మేమూ పుచ్చతోట పందిరి కిందికి వెళ్లిపోయాం. పిట్ట చాలాసేపు దిగలేదు. తర్వాత పాయలోకి దిగి, నీళ్లు కారుతున్న పొట్టతో వచ్చి గుడ్ల మీద నిలబడింది.

ఒక ట్రాక్టర్ ఒకరోజు పక్కకు తప్పుకుంటే వాగు బాగుపడదు. ఆ పిట్టకు గుడ్లు పెట్టడానికి గులకరాళ్ల ఇసుక కావాలి, పొట్ట తడుపుకోవడానికి పక్కనే నీళ్లు కావాలి. రెండూ తరుగుతున్నాయి. గుడ్లు పిల్లలయ్యాయో లేదో చూడడానికి మళ్లీ వెళ్తాను. మీరు వెళ్లేటట్టయితే ఒక్క మాట: పిట్ట మీ తల మీద తిరుగుతూ అరుస్తుంటే ఫోటో కోసం నిలబడకండి. వచ్చిన దారినే, కింద చూసుకుంటూ, అది దిగేదాకా వెనక్కి నడవండి. ఎండలో గుడ్లకు అంత వ్యవధి ఉండదు.