సీసం కలిసిన క్రిస్మస్

యుద్ధం నుంచి తిరిగొచ్చాక క్లారీ హాజెట్ మళ్లీ తుపాకీ మాట ఎత్తలేదు. బ్రన్స్‌విక్‌లో తన ఇంటి పెరట్లో, రేకుల షెడ్డు కింద బొమ్మ రైళ్లు చేయడం మొదలుపెట్టాడు. జింకు కరిగించి అచ్చులో పోస్తే అరచేతంత ఇంజను వచ్చేది. కొన్న ప్రతివాళ్లకూ ఒకటే మాట చెప్పేవాడు: "మీ మనవడు కూడా దీన్ని నడుపుతాడు." ఆ మాట నమ్మే జనం కొనేవాళ్లు.

ఒక ఏడు క్రిస్మస్ ముందు జింకు చాలినంత దొరకలేదు. బావమరిది మెర్వ్ ఎక్కడివో పాత సీసపు గొట్టాలు తెచ్చి జింకు కరిగే మూసలో పడేశాడు. మెర్వ్‌కి చెయ్యి ముందు, బుద్ధి వెనక.

"సీసం కలిస్తే జింకు లోపల్లోపలే పుచ్చిపోతుందిరా!"

"ఎప్పుడు బావా, మనం పోయాకా? అచ్చులో పొయ్యి, పండగ దాటితే ఎవడు కొంటాడు?"

తెలిసి తెలిసి క్లారీ పోశాడు. తెలియక చేసుంటే జాలిపడేవాళ్లం.

మూడేళ్లకు, అటక మీద మిగిలిపోయిన ఆ ఏటి ఇంజను ఒకటి కిందికి దించాడు. రంగు మెరుస్తూనే ఉంది. పొగగొట్టం దగ్గర మాత్రం వెంట్రుకంత చీలిక. వేలితో నొక్కితే బిస్కట్టులా విరిగింది. ఎన్ని బీరువాల్లో, ఎన్ని మంచాల కింద, ఎవరూ ముట్టుకోకుండానే అవి ఇలా పుచ్చిపోతున్నాయో! చేసిన పాపం చెబితే పోతుందంటారు. చెప్పడానికి నోరు రావాలి కదా.

ముందుగా ఇడా ట్రికెట్ గుర్తొచ్చింది. మొగుడు అదే యుద్ధంలో, న్యూగినీలో పోయాడు. అతని చేతి గడియారం అమ్మి, కొడుక్కని ఆ క్రిస్మస్‌కే ఇంజను కొంది. క్లారీ పరుగున వెళ్లాడు.

"ఇడమ్మా, ఆ ఇంజను ఓసారి ఇవ్వు. నూనె వేసి తెస్తా."

"మీ చేతి పనికి నూనెందుకండీ! ఇంకా డబ్బా కూడా తియ్యలేదు. వాడికి ఊహ తెలిశాక ఇద్దామని దాచా. రేపు వాడి పుట్టినరోజు. 'మీ నాన్న ఇచ్చాడురా' అని చేతిలో పెడతా."

"కొత్తది చేసిస్తానమ్మా, ఇంకా మంచిది..."

"కొత్తది వాళ్ల నాన్నదవుతుందా?"

ఇడా లోపలికెళ్లి రిబ్బను కట్టిన డబ్బా తెచ్చింది. చూపించే సంబరంలో డబ్బా కాస్త ఒరిగింది. లోపల ఏదో గలగలమని ఒక పక్కకి జారింది.

ఇడా నవ్వుతూ డబ్బా చెవి దగ్గర పెట్టుకుని మళ్లీ ఊపింది.

"ఇదేంటండీ, పట్టాల కిందికి కంకర కూడా ఇచ్చారా?"