చిదోరి-సాన్ వినయం

జపానులో మా హమామట్సు పియానోలు తయారుచేసే ఊరు. అందుచేత ఇక్కడ పుట్టిన ప్రతివాడికీ శబ్దం మీద ఒక అభిప్రాయం ఉంటుంది. దాన్ని పైకి చెప్పడం మాత్రం మర్యాద కాదు. ఎదురింటి పిల్ల ఏళ్ల తరబడి ఒకే పాఠాన్ని ఒకే చోట తప్పుగా వాయిస్తున్నా, "మీ అమ్మాయి చాలా కష్టపడుతోందండీ" అంటామే తప్ప మరో మాట అనం. ఈ సంస్కారం వల్ల ఊళ్లో ఎవరి మనసూ నొచ్చుకోకుండా రోజులు వెళ్లిపోతున్నాయి. ఒక్క చిదోరి మురమాట్సు విషయంలోనే కాస్త తేడా వచ్చింది.

చిదోరి-సాన్, అంటే చిదోరి గారు, పనిరోజుల్లో పియానోలు శ్రుతి చేసేవాళ్ల ఆఫీసులో ఫోన్లు ఎత్తేది. ఆ ఆఫీసుకి ఎవరు ఫోన్ చేసినా ముందు టేపులో ఆవిడ గొంతే పలికేది: "మిమ్మల్ని నిరీక్షింపజేస్తున్నందుకు క్షమించండి. దయచేసి కాసేపు ఆగండి." అది ఆవిడ వయసులో ఉన్నప్పుడు రికార్డు చేసింది. ఆ క్షమాపణ పూర్తిగా విందామని, ఎవరైనా తొందరగా ఫోన్ ఎత్తితే నొచ్చుకునేవాళ్లు కూడా ఉండేవారు.

ఆదివారం మధ్యాహ్నం మాత్రం ఆవిడ గాయని. స్టేషను వెనక మెట్లు దిగితే "ఇపే" అనే కాఫీ హోటలు. గోడల నిండా పాత రికార్డులు, పది మంది కూర్చుంటే పదకొండోవాడు ఊపిరి బిగబట్టాల్సినంత చోటు. అక్కడ గిటార్ వాయించే హోసోదా పక్కన స్టూలు వేసుకుని బ్రెజిల్ పాటలు పాడేది. చదువుకునే రోజుల్లో ఎవరింట్లోనో ఒక రికార్డు విని, ఆ ఒక్క సాయంత్రంతో చెడిపోయిన మనిషి. ఆ దేశం ఎన్నడూ వెళ్లలేదు. పెళ్లి ఊసు రెండు మూడుసార్లు వచ్చి, ఆదివారం మధ్యాహ్నం ఖాళీ లేదని తెలిసి వెళ్లిపోయింది. ఆ పాటల్లో సముద్రం వెచ్చగా ఉంటుంది. మా సముద్రం దగ్గర చలికాలం ఎండుగాలి వీచి ఇసుక పళ్ల మధ్యకి చేరుతుంది. అయినా ఆవిడ పాడుతుంటే అది మా సముద్రమే అనిపించేది. పోయినదాన్ని తిరిగి రమ్మని అడగని గొంతు అది. పోయింది అని మాత్రం, పక్కనున్న ఒక్కరికే చెబుతున్నట్టు చెప్పేది. ఆ పక్కనున్న ఒక్కడూ తనేనని హోటల్లో ప్రతివాడూ అనుకునేవాడు.

అరవై దగ్గరపడ్డాక ఆ గొంతు సన్నబడడం మొదలైంది. డాక్టరు అద్దం పెట్టి చూసి, "పాట మానేస్తే మాట మిగులుతుంది. మానకపోతే రెండూ పోతాయి" అన్నాడు. ఊళ్లో ఉన్నదున్నట్టు చెప్పే అధికారం ఆయనొక్కడికే ఉంది. దానికి ఆయన ఫీజు కూడా తీసుకుంటాడు.

చిదోరి-సాన్‌కి లెక్క అర్థమైంది. మాట పోతే ఫోన్లు పోతాయి, ఫోన్లు పోతే ఉద్యోగం పోతుంది, దానితో పాటే బతుకులో మిగిలిన మనుషుల అలికిడి పోతుంది. పాట మానేస్తానని ఆ వారమే హోటలుకి వెళ్లి మాస్టర్‌తో చెప్పింది. హోటలు యజమాని కుమెగావాని అందరూ మాస్టర్ అనే పిలుస్తారు.

"మాస్టర్, నా గొంతు అయిపోయింది. ఈ నెలతో మానేస్తాను."

మాస్టర్ కప్పు తుడవడం ఆపలేదు. "మీరు అలా అనకపోతేనే ఆశ్చర్యపోయేవాణ్ని. బాగా పాడేవాళ్లందరూ అదే అంటారు."

"మర్యాదకి అనడం లేదండీ. నిజంగానే రావట్లేదు. డాక్టరు కూడా చెప్పాడు."

"ఆయనకేం తెలుసు, కరావొకేలో అరిచి గొంతు చించుకున్నవాళ్లని చూసే మనిషి. మీది అలాంటి గొంతా? కాఫీ తాగండి. రుచీ పచీ లేని కాఫీ, ఏమనుకోకండి."

ఆ కాఫీ జిల్లాలోకెల్లా మంచి కాఫీ. చిక్కంతా ఇక్కడే ఉంది. మాలో టీ ఇచ్చే ఇల్లాలు "నోట పెట్టలేరేమో" అంటూ ఇస్తుంది. బహుమతి ఇచ్చేవాడు "పనికిమాలిన వస్తువు" అంటూ ఇస్తాడు. పాడబోయేవాడు లేచి నిలబడి, తనకి పాట రాదని, వచ్చినవాళ్ల చెవులకి ముందే క్షమాపణ చెప్పుకోవాలి. ఆ మాటలు నమ్మినవాణ్ని మొరటువాడు అంటారు. ఇంత ఏర్పాటులో, నిజంగానే గొంతు పోయినవాడు ఏమని చెప్పాలన్నదానికి మా పెద్దలు చోటు ఉంచలేదు.

కాబట్టి ఆవిడ పాడింది, గొంతు తగ్గింది, మా భక్తి పెరిగింది. మొదట మాస్టర్ ఐసు మిషను ఆపాడు. తర్వాత కాఫీ గింజలు మర పట్టడం పాటకీ పాటకీ మధ్యకి మార్చాడు. వేసవిలో ఏసీ కట్టేశాడు. మేము చెమటలు కూడా చప్పుడు కాకుండా కార్చుకున్నాం. పాట వినడానికి వచ్చే పళ్ల డాక్టరు తన నైలాన్ కోటు గరగరలాడుతోందని మెట్ల మీదే విప్పి లోపలికి వచ్చేవాడు. గిటార్ హోసోదా ఒక్కసారి ధైర్యం చేసి, "మాస్టర్, మైకు కాస్త పెంచుదామా?" అన్నాడు.

"ఎందుకు, ఆ మెత్తదనాన్ని పట్టుకుని గోడకేసి కొడదామనా?" అన్నాడు మాస్టర్. హోసోదా తల దించుకుని గిటార్‌నే మరింత మెల్లగా వాయించసాగాడు.

స్థానిక పత్రికలో ఒక పెద్దమనిషి, చిదోరి-సాన్ పాటకి గొంతే అవసరం లేని దశకి చేరుకున్నారని రాశాడు. ఆ ముక్క కత్తిరించి హోటలు గుమ్మానికి అంటించారు. అది ఎంత ఖచ్చితమైన వార్తో ఎవరికీ తెలియదు, ఆవిడకి తప్ప.

ఆఫీసు పక్క సందులో రొజాంజెలా హిగా అనే ఆవిడ భోజనాల కొట్టు నడుపుతుంది. తాతల కాలంలో ఒకినావా నుంచి బ్రెజిల్ వెళ్లిన కుటుంబం. ఈవిడ అక్కడినుంచి మా ఊరి కార్ల భాగాల ఫ్యాక్టరీలో పనికి వచ్చి, చేతులు పాడయ్యాక పొయ్యి దగ్గరకి మారింది. నల్ల చిక్కుళ్లూ పందిమాంసం కూర కోసం రోజూ వచ్చే చిదోరి-సాన్ ఒకసారి మొహమాటంగా పాటకి రమ్మంది. రొజాంజెలా వచ్చింది, విన్నది, వెళ్లింది. మర్నాడు కూర వడ్డిస్తూ, వాళ్ల దేశపు మర్యాదతో "దోనా" అని పిలిచి అడిగింది.

"దోనా చిదోరీ, ఒకటి అడుగుతాను, కోపం తెచ్చుకోవద్దు. నిన్న పాడావా, ప్రార్థన చేసుకున్నావా?"

చిదోరి-సాన్ చెంచా గిన్నెలో పెట్టేసింది.

"నేను వెనక కూర్చున్నాను. పెదాలు ఆడుతున్నాయి. గిటార్ వినిపిస్తోంది. పక్కనున్న ఈల్ చేపల హోటలాయన కళ్లు మూసుకుని ఊగిపోతున్నాడు. నాకే చెవుడొచ్చిందేమోనని భయపడ్డాను."

చిదోరి-సాన్ అక్కడే, కూరగిన్నె ముందు ఏడ్చింది. దుఃఖంతో కాదు. డాక్టరు తర్వాత, ఫీజు తీసుకోకుండా ఆవిడని నమ్మిన మొదటి మనిషి దొరికింది.

"మీ దేశపు పాటలు కదా, పాడుచేశానేమో" అంది.

"మా దేశపువా? నేను బ్రెజిల్లో పరనా అనే రాష్ట్రపు పల్లెటూరిదాన్ని. మాకు లారీ డ్రైవర్ల ప్రేమ పాటలే తెలుసు. నువ్వు పాడేవి మా పట్నంలో పళ్లు పీకించుకోవడానికి కూర్చున్నప్పుడు వినిపించేవి. అది వదిలెయ్. మానేస్తానని చెప్పలేవా?"

"చెప్పాను. వినయం అనుకుంటున్నారు."

"అయితే అందరి ముందు నిలబడి చెప్పు. నేను వస్తాను. నమ్మకపోతే నేను చెప్తాను."

ఆ ఆదివారం హోటలు కిక్కిరిసింది. చిదోరి-సాన్ నిలబడి, మైకు దగ్గరకి వంగి, మిగిలిన గొంతంతా కూడదీసుకుని చెప్పింది. నా గొంతు పోయింది, ఇది మర్యాదకి అంటున్న మాట కాదు, ఇంకా పాడితే మాట కూడా పోతుందన్నారు, ఈ రోజు పాడను, ఇకమీదటా పాడను, ఇన్నాళ్లూ విన్నందుకు కృతజ్ఞతలు అని.

అందరం తలలు వంచి నమస్కరించాం. ఈల్ చేపల హోటలు తెరదా-సాన్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఇంత నిండైన ముందుమాట ఎప్పుడూ వినలేదని పళ్ల డాక్టరు గుసగుసలాడాడు. చప్పట్లు మొదలయ్యాయి.

వెనక నుంచి రొజాంజెలా లేచింది. "ఎందుకండీ చప్పట్లు? ఆవిడ చెప్పేది నిజం. ఏమీ వినపడటం లేదు. ఇక్కడ ఎవరికైనా వినపడుతోందా? చేతులెత్తండి చూద్దాం."

ఎవరూ చేతులెత్తలేదు. అది నిజం ఒప్పుకోవడం కాదు, సభలో చేతులెత్తే అలవాటు మాకు లేదు. మాస్టర్ గబగబా వచ్చి, చాలా మన్ననగా, "వెనక కూర్చోబెట్టడం మాదే పొరపాటు" అని ఆవిడకి నాలుగుసార్లు వంగి దండం పెట్టి, ముందు వరసలో కుర్చీ వేయించాడు. తెరదా-సాన్ తన కుర్చీ కూడా ఇవ్వబోయాడు. ఇంత మర్యాద చుట్టుముడితే ఎవరు మాత్రం పోట్లాడగలరు? రొజాంజెలా కూలబడింది.

హోసోదా వేళ్లు అలవాటుకొద్దీ మొదటి పాట ఎత్తుకున్నాయి. ఎత్తుకున్న గిటార్‌ని గాలిలో వదిలేయడం తోటి వాద్యకారుణ్ని అవమానించడమే. చిదోరి-సాన్ స్టూలు మీద కూర్చుంది. పాడింది. రెండో చరణంలో ఎక్కడో, గుడ్డ చిరిగినట్టు చిన్న చప్పుడైంది. ముందు వరసలో ఉన్న రొజాంజెలాకి అది వినపడింది. మిగతావాళ్లం కళ్లు మూసుకుని ఉన్నాం.

ఆ తర్వాత ఆవిడ మాట్లాడలేదు. మాట్లాడలేకపోయింది. ఆఫీసువాళ్లు తీసెయ్యలేదు, మంచివాళ్లు. ఫోన్ల దగ్గరినుంచి లేపి, పియానో సుత్తులకి వేసే ఉన్నిముక్కలు ఏరి కట్టలు కట్టే బల్ల దగ్గర కూర్చోబెట్టారు. ఫోన్లకి కొత్త పిల్లని పెట్టారు. టేపు మాత్రం మార్చలేదు. అంత బాగా చెప్పేవాళ్లు ఇప్పుడెక్కడ దొరుకుతారు?

కాబట్టి రోజంతా ఆ గదిలో ఫోన్ మోగినప్పుడల్లా, కొత్త పిల్ల స్పీకరు నొక్కినప్పుడల్లా, ఉన్నిముక్కల బల్ల దాకా చిదోరి-సాన్ గొంతు వస్తుంది. క్షమించండి, కాసేపు ఆగండి అని బతిమాలుతుంది. ఆవిడ తల ఎత్తకుండా కట్టలు కడుతుంది. సందు చివర రొజాంజెలా కూర రెండు గిన్నెల్లో పోసి, ఇద్దరూ ఒక మాటా లేకుండా తింటారు. చూసినవాళ్లు, ఎంత పేరొచ్చినా ఆవిడ ఎంత అణకువగా ఉందో చూడండి అంటారు.

తెరదా-సాన్ ఇంట్లో పియానో లేదు. అయినా ఆయన అప్పుడప్పుడు ఆ ఆఫీసుకి ఫోన్ చేసి, టేపు అయిపోయేదాకా కళ్లు మూసుకుని విని, కొత్త పిల్ల ఎత్తగానే పెట్టేస్తాడు.

"ఎన్ని చెప్పండి, ఆ గొంతులో వినయమే వేరు" అంటాడు.