తొట్టి జీపుకు కందెన

“నిజం చెప్పు పెద్దమ్మా. ఈ చక్రాల్లో నూనె పోసిందెవరు?”

“నూనె ఏంది? అది కందెన. నేనే పెట్టాను. ఒకదానికి ఎక్కువ, ఒకదానికి తక్కువ అనకుండా నాలుగింటికీ పెట్టాను.”

“యా అల్లా! నాలుగింటికీనా?”

“పెట్టకపోతే ఇనుమూ ఇనుమూ రాసుకొని అరిగిపోదంటయ్యా? నువ్వు పొడిపొడిగా వదిలేసి పోయావు. నేను చూడబట్టి సరిపోయింది.”

“పొడిగా ఉండాలనే వదిలాను! అవి బ్రేకులు పెద్దమ్మా. రాసుకుంటేనే బండి ఆగుద్ది. నువ్వు పూసిన ముద్దకి ఇక నరసరావుపేట దాకా జారతానే పోద్ది.”

“పేట దాకా ఎక్కడ పోయింది? పక్కింటోళ్ళ పత్తికట్టె వామి కాడే ఆగిందిగా.”

“ఆగలేదు, గుద్దుకుంది!”

శ్రావణమాసంలో ఒక శుక్రవారం సాయంత్రం మా దొడ్లో మెకానిక్కూ నేనూ ఇలా అరుచుకుంటుంటే, మా మనవరాలు జుట్టు నిండా పత్తిపుల్లలతో, వెనక్కి నెట్టుకొచ్చిన జీపులో స్టీరింగు ముందే కూర్చుని ఉంది. దెబ్బలేమీ తగల్లేదు. కానీ దాని చూపు మా మీద లేదు. దొడ్డి వెనక పచ్చటి వలపందిరి కింద పెరుగుతున్న మిరపనారు మీద ఉంది. మర్నాడు పొద్దున ఆ నారు అచ్చంపేటలో ఒక రైతుకు చేర్చాలి. అది దాని మొట్టమొదటి బేరం. ఆయన చేను దున్ని, సాళ్ళు తోలి సిద్ధంగా ఉన్నాడు. నారు రాకపోతే ఇంకోచోట తెచ్చుకుంటానని ఖచ్చితంగా చెప్పాడు. నాట్ల కాలంలో అద్దెబండి దొరకడం కల్ల. నారు ఇంకా ఆగితే ముదిరిపోతుంది. ఆడపిల్ల నారు పెంచడమేందని నవ్వినవాళ్ళ నోళ్ళు మూయించాలంటే ఈ జీపు కదలాలి, ఆగాలి కూడా.

ఆ జీపు మా ఆయనది. ముందు ఇద్దరు కూర్చునే సీటు, వెనక సామాను వేసుకునే ఇనప తొట్టి. ఆయన ఉన్నన్నాళ్ళూ మిరపకాయల బస్తాలు వేసుకొని గుంటూరు తిరిగారు. ఆయన పోయాక అది పశువుల కొట్టంలో చేరింది. కోళ్ళు దాంట్లో గుడ్లు పెట్టేవి. నాకు దానివల్ల ఉన్న లాభం అదొక్కటే. మా అబ్బాయి దాన్ని పాత ఇనుముకు బేరం పెట్టిన రోజున మనవరాలు తొట్టి ఎక్కి కూర్చుంది.

“ఇది నాకు కావాలి నాయనమ్మా. నారు ట్రేలు వేసుకోటానికి సరిపోద్ది.”

“కొత్తది కొనిపెట్టమంటే నా దగ్గర కాణీ లేదు. పాతది బాగుచేస్తానంటే చేతులున్నాయి, దిగు.”

అట్లా మొదలైంది. ఆ వేసవంతా మా ఇల్లు పెళ్ళివారిల్లులా ఉంది. కాయితాల పని మా అబ్బాయి చూసుకున్నాడు. పులుసు పిసికిన చింతపండు పిప్పిని కోడలు పారబోయకుండా నేను కుండలో దాచాను. దాంట్లో ఉప్పు కలిపి, కొబ్బరిపీచుతో బిందెలు తోమినట్టు మనవరాలూ నేనూ తొట్టి తోమాం. తుప్పు పొర ఊడి అడుగు నుంచి నీలం రంగు బయటపడేసరికి నా ఒళ్ళు ఝల్లుమంది.

“ఒసే, ఇటు రావే! నీలం వచ్చిందే, నీలం!” అని వీధి చివరికి వినపడేలా కేకపెట్టాను. బండి కొన్ననాటి రంగు అది. మర్చేపోయాను. ఇక ఆ నీలం ఎంత మేర దొరుకుతుందో చూడాలని అన్నం వేళ దాటినా లేవలేదు.

కాళ్ళ కింద రేకు చిల్లులుపడి నేల కనపడేది. వడ్లు పోసుకునే పాత డబ్బా కోయించి అతికించాం. సీట్లలోకి మా చేలో పత్తే కూరి దబ్బనంతో నేనే కుట్టాను. ఇంజను మాత్రం మెకానిక్కు వంతు. మా ఆయన కాలంలోనూ ఈ బండిని చూసింది అతనే. శుక్రవారం మధ్యాహ్నం నమాజు చేసుకొని, రాజుపాలెం రోడ్డులో ఉన్న తన షెడ్డు తెరవకుండా నేరుగా మా ఇంటికి వచ్చేవాడు. ఏ ముక్క మార్చాలన్నా పాతదే వెతకమనేదాన్ని.

“పాత గాలి దొరికితే టైర్లలో అదే కొట్టించేదానివి పెద్దమ్మా” అనేవాడు.

“దొరికితే చెప్పు” అనేదాన్ని.

ఇంజను కదిలిన రోజు మర్చిపోలేను. ముందు దగ్గింది. తర్వాత నల్లటి పొగ ఊదింది. ఆపైన ఒక్కసారిగా గుడగుడమని అందుకుంది. కోళ్ళు గోడెక్కాయి. చుట్టుపక్కల జనమంతా పోగయ్యారు. “డీజిలు ఊరికే రాలేదు, ఆపండి” అని కసిరానే గానీ, ఆగుతుందనగానే మనసొప్పలేదు. “సరే, ఇంకాసేపు ఉండనీ” అన్నాను. మనవరాలు నన్ను పట్టుకొని గిరగిర తిప్పేసింది. దాని వయసులో ఉన్నప్పుడు కూడా నన్నలా తిప్పినవాళ్ళు లేరు.

కందెన పెట్టింది కూడా అలాంటి హుషారులోనే. చివరికి బ్రేకుల పని మిగిలింది. ఆ శుక్రవారం మెకానిక్కు నాలుగు చక్రాలూ విప్పి, లోపలి రబ్బర్లు మార్చి, సాయంత్రం నమాజుకని వెళ్ళాడు. మా నాన్నది ఎద్దుబండి. ఇరుసుకు కందెన పెట్టకుండా బండి కట్టడం మా ఇంట్లో పెద్ద తప్పు. వరిగడ్డి కాల్చిన మసి ఆముదంలో కలిపి, వెదురుగొట్టంలో పోసి బండి కిందే వేలాడదీసేవాళ్ళు. నాన్న నన్ను రెండో తరగతితో బడి మానిపించి నేర్పిన పనుల్లో అదొకటి. ఇక్కడ చూస్తే నాలుగు చక్రాల లోపలా ఎండిపోయి ఉంది. ఇంట్లో కాచిన ఆముదం ఉంది. మసికేం కొదవ? పసిబిడ్డకు నలుగు పెట్టినంత శ్రద్ధగా సందుసందునా వేలితో పూసి, ఇనప మూతలు ఎప్పటిలా మూసేశాను. అతను తిరిగొచ్చి, “మూతలు పెట్టేశావా, నాకు పని తప్పించావు” అని మెచ్చుకొని చక్రాలు బిగించాడు. మనవరాలు బండి తీసింది. తర్వాత సంగతి పత్తికట్టె వామి చెబుతుంది.

“తుడిస్తే పోద్దిగా?” అన్నాను.

“పోదు. ఆ బ్రేకు అట్టలు నూనె తాగేశాయి.”

“కిరసనాయిలుతో కడుగుతా. కుంకుడురసంలో ఉడకబెడతా.”

“నువ్వు ఉడకబెట్టి తాలింపేసినా పనికిరావు. కొత్తవి వెయ్యాలి.”

“కొత్తవా! ఎక్కడన్నా పాతవి చూడరాదూ?”

అతను చేతిలో పానా కింద పెట్టాడు. “ఇన్నాళ్ళూ నువ్వు పాతదన్నావు, నేను పాతదేశాను. ఇది మాత్రం నీ మనవరాలి కాలి కింద ఉండేది పెద్దమ్మా. పాతది వెయ్యమంటే నేను వెయ్యను, ఇంకెవర్నన్నా పిలుచుకో.”

మనవరాలు జుట్టులో పుల్లలు తీసుకుంటూ ఫోను తీసింది. “పోనీలే నాయనమ్మా. నారు తేలేనని ఆయనకు చెప్పేస్తా.”

“తేలేనని కాదు, ఆలస్యమైద్దని చెప్పు” అన్నాను. “తొలి బస్సుకు నేనే నరసరావుపేట పోతా. ఏమయ్యా, ఆ పాత అట్ట ఒకటి విప్పి చేతికియ్యి, చూపించి కొత్తవి తెస్తాను.”

రైతు మధ్యాహ్నం దాకా చూస్తానన్నాడు. ఆ పైన చూడనన్నాడు. చీకటి పడేలోపు ముగ్గురం కూర్చుని, నేను పెట్టిన కందెననంతా పెట్రోలు గుడ్డలతో తుడిచాం.

మర్నాడు పేటలో బండి సామాన్ల కొట్టు తెరవకముందే దాని మెట్ల మీద కూర్చున్నాను. అట్ట చూపించి కొత్తవి ఇమ్మన్నాను. బేరం ఆడలేదు. తిరిగొచ్చేసరికి మెకానిక్కు చక్రాలు విప్పి ఉంచాడు. కొత్తవి బిగించాక మనవరాలు బండిని సందు చివరి దాకా తోలి బ్రేకు తొక్కింది. నిలబడింది. ఇంకోసారి తోలి చూపించమన్నాను. మళ్ళీ నిలబడింది.

నారు ట్రేలు తొట్టిలో సర్ది, తడిపిన గోనెపట్టాలు పైన ఆనీఆననట్టు కప్పాం. నేను మనవరాలి పక్కన కూర్చున్నాను. దారిలో ప్రతి పల్లం దగ్గరా “తొక్కు, తొక్కు” అంటూనే ఉన్నాను. “తొక్కుతున్నా నాయనమ్మా, నువ్వు కాళ్ళు పైకి పెట్టుకో” అంది.

పొద్దు నడినెత్తికి రాకముందే అచ్చంపేట చేరాం. రైతు గోనెపట్టా ఎత్తి, ఒక మొక్కను వేరుతో సహా ట్రేలోంచి లాగి, అటూ ఇటూ తిప్పి చూశాడు. తర్వాత చేలో ఉన్న కూలీలను కేకేశాడు.

“నారొచ్చింది, దించుకోండమ్మా.”