బోర్డుకి బొట్టు పెట్టాను

బొట్టుబిళ్లలతో ఓ సిమెంటు ఫ్యాక్టరీ కొంప ముంచబోయిన మొనగాడి కథ చెబుతా, వినండి. ఆ మొనగాణ్ణి నేనే!

తొంభైల్లో మాట. జగ్గయ్యపేట దగ్గర సిమెంటు ఫ్యాక్టరీలో ల్యాబ్ ఇన్‌చార్జిని. సిమెంటు తెలిసినవాడెవడంటే కంచికచర్ల దాకా నా పేరే చెప్పేవాళ్లు. చెప్పేవాళ్లు లేనిచోట నేనే చెప్పేవాణ్ణి.

మా మేనేజరుగారిది పొద్దున్నే ఒకటే గోల. "ఏ మిషను నడుస్తోంది? ఏది పడుకుంది? నిన్న ఏది ఏ పని చేసింది?" విసుగెత్తి ఓ బోర్డు తయారుచేసా. గోడంత ప్లైవుడ్డు, తెల్ల పెయింటు. మిషనుకో వరస, రోజుకో గడి. గడిలో ఆ రోజు చేసిన పని, పక్కన రంగు చుక్క. ఆకుపచ్చయితే నడిచింది, పసుపయితే ఖాళీ, ఎరుపయితే రిపేరు. గుమ్మంలో నిలబడితే చాలు, నెల చరిత్ర కళ్లముందు! మా ఊరికి కంప్యూటరు రాకముందే నేను కంప్యూటరు కనిపెట్టానండీ.

చుక్కల కోసం నందిగామ వెళ్లి, ఫ్యాన్సీ షాపులో మూడు రంగుల బొట్టుబిళ్లలు అట్టలకి అట్టలు కొన్నా. షాపు గుప్తాగారు కళ్లజోడు పైనుంచి చూసి, "ఇంట్లో ఆడపిల్లలెంతమందండీ?" అన్నాడు.

"మిషన్లకండీ!" అన్నా.

ఆయన రెండడుగులు వెనక్కి జరిగాడు. చిల్లర కూడా దూరంనుంచే ఇచ్చాడు.

మహానవమి సాయంత్రం, పనులయ్యాక ఆయుధపూజ. నేను పూజ చేస్తుంటే పూజారులు కూడా పక్కకి తప్పుకుని చూడాల్సిందే! సిమెంటు బలం తేల్చడానికి క్యూబులు పగలగొట్టే ప్రెస్సుకి బంతిపూల దండ, ఓవెన్‌కి నిమ్మకాయలు, అన్నిటికీ పసుపూ కుంకుమా. చివర్లో బోర్డు కనిపించింది. నా ఆయుధం అదే కదా, దానికి పూజ లేకపోతే ఎలా? కుంకుమ పెడితే నున్నటి పెయింటు మీద నిలవదే! అప్పుడు మెరిసిందండీ బుర్ర. డ్రాయరులో ఎర్ర బిళ్లలున్నాయిగా! ఆ రోజు గడుల్లో ఉన్న ఆకుపచ్చల మీద మిషనుకో ఎర్ర బొట్టు నిండుగా అంటించా. పేరంటానికి వచ్చిన ముత్తైదువలా వెలిగిపోయింది బోర్డు!

పండగెళ్లాక, ఆనకట్ట కడుతున్న కంపెనీ ఇంజనీరుగారు ల్యాబ్ చూట్టానికి వచ్చారు. ఆయన ఊ అంటే లారీలకి లారీల ఆర్డరు. ఊహూ అంటే మేనేజరుగారి ఉద్యోగం, దాని వెనకాలే నాది.

"మిషన్ల దగ్గరికి ఎందుకండీ, ఈ బోర్డు చూడండి చాలు!" అని ఛాతీ విరిచి, ఆయన్ని దాని ముందు నిలబెట్టా.

ఆయన బోర్డు చూసారు. చేతిలో టెస్ట్ రిపోర్టు చూసారు. మళ్లీ బోర్డు చూసారు.

"మాకు పంపే సిమెంటు టెస్ట్ చేసింది నవమి నాడే కదా?"

"నా చేతుల మీదుగానండీ!"

"ఆ రోజు మీ మిషన్లన్నీ రిపేరులో ఉన్నాయే. ఈ అంకెలు ఇంట్లో కూర్చుని రాసారా?"

పక్కనే ఉన్న మేనేజరుగారి మొహం మా సిమెంటు రంగుకి తిరిగింది.

"అవి రిపేర్లు కాదండీ, బొట్లు."

"మిషన్లకా?"

"బోర్డుకండీ."

ఆయన అంతకుముందు వారం ఎర్ర చుక్క చూపించారు. "ఇదీ బొట్టేనా?"

"కాదండీ, అది నిఖార్సైన రిపేరు."

"ఏది బొట్టో ఏది రిపేరో తెలిసేదెలా?"

"నన్నడగాలండీ!" అన్నా, ఇంకా గర్వంగానే.

గబగబా ఓ బిళ్ల గోరుతో గీకి కింది ఆకుపచ్చ చూపించా. "గీకితే రంగు మారే బోర్డుని నమ్మమంటారా?" అన్నారాయన. పాయింటే!

అదృష్టం, అదే సిమెంటుతో పోసిన క్యూబులు గట్టిపడ్డానికి ఇంకా నీళ్లతొట్టిలోనే ఉన్నాయి. ఒకటి తీసి, తుడిచి, ఆయన ఎదురుగానే ప్రెస్సులో పెట్టా. ముల్లు పైకి పోతోంది... నా గుండె అంతకంటే పైకి పోతోంది... ఫెళ్లుమని పగిలింది! బలం రావాల్సినదానికంటే ఎక్కువే వచ్చింది. ఇంజనీరుగారు అనుమానం తీరక ఇంకోటి కూడా పగలగొట్టించి, నవ్వాపుకుంటూ సంతకం పెట్టారు.

ఆర్డరు తెచ్చింది నేనే అని ఆ రాత్రి ఇంట్లో చెప్పుకున్నా. మర్నాడు ల్యాబ్‌కి వెళ్తే, బోర్డులో మేనేజరుగారు స్వయంగా గీసిన కొత్త వరస. మిషన్ల పేర్లన్నిటి కింద నా పేరు. ఎదురుగా ఎర్ర చుక్క.

అది మాత్రం బొట్టు కాదండీ!