ఎర్ర నడికట్టు

బమాకో పక్కనున్న కటి దండులో ఇరవై రెండేళ్ళుగా సిపాయిల కోట్లు కుడుతున్న ఫకోరోకి మనుషుల మాటమీద నమ్మకం లేదు. కుట్టుమీదే ఉంది.

నిన్న సార్జెంటు మొలోబలి తరఫున, ఫకోరో కూతురు న్యేబాని అడుగుతూ పది కోలాకాయలొచ్చాయి. కొరికితే పిల్లనిచ్చినట్టే. ఫకోరో వాటిని తడి ఆకుల్లో చుట్టి పక్కన పెట్టాడు. ఇవాళ మొలోబలే వచ్చాడు, మోచేతి చిరుగు కుట్టించుకుందామని.

"కూర్చో, అలసందలు తినే వంశమోడా." అన్నాడు ఫకోరో. ఇద్దరి వంశాల మధ్యా తాతల నాటి వేళాకోళం.

"మీరు కుండలో మిగిలిస్తే కదా మేం తినేది, మామా!"

"మామా అనకు. కాయ ఇంకా కొరకలేదు."

కోటు విప్పించి ఎండకి పట్టాడు. చేతిమీద సార్జెంటు బంగారు పట్టీ మెరుస్తోంది. అంతకుముందు కార్పోరల్‌గా ఉన్నప్పుడు ఉండాల్సిన రెండెర్ర పట్టీల జాడ లేదు. పట్టీ ఊడినచోట బట్ట ముదురుగా ఉండిపోతుంది, ఎండ చూడని చర్మంలా.

"కార్పోరల్ కాకుండానే సార్జెంటువయ్యావా?"

"ఆ కోటు ఫ్రాన్సు యుద్ధంలో, బురదలో కుళ్ళిపోయింది. ఇది డిపోలో ఇచ్చారు."

"అందరూ అదే అంటారు. నీ జట్టులో ఎందరు?"

"పన్నెండుమంది." అడక్కుండానే పేర్లన్నీ చెప్పాడు, తడుముకోకుండా.

'బట్టీ పట్టొచ్చాడు' అనుకున్నాడు ఫకోరో. "ఏదీ, ఆ నడికట్టు విప్పి మళ్ళీ కట్టి చూపించు."

ఎనిమిది మూరల ఎర్ర ఉన్ని. దండులో ఎవడూ ఒంటరిగా కట్టుకోడు. ఒకడు కొస బిగపడితే రెండోవాడు గిర్రున తిరుగుతూ అందులో చుట్టుకుంటాడు. మొలోబలి ఎవరికోసమూ చూడలేదు. కొసని గుంజకి ముడేసి తిరగడం మొదలుపెట్టాడు.

"గుంజతో కట్టుకునే సిపాయిని ఎక్కడా చూళ్ళేదు. నిజం చెప్పు, ఏ దండు నీది?"

"మీ దండే. ఆ పన్నెండుమందిలో కొస పట్టేవాడు మిగల్లేదు."

ముడి జారింది. బట్ట నేలమీద ఎర్రగా పారింది. పొయ్యి దగ్గర్నుంచి న్యేబా వచ్చి కొస అందుకుంది. తుంటికి ఆనించుకుని వెనక్కి వాలింది. ఒక్క ముడత లేదు. మొలోబలి తిరుగుతూ తిరుగుతూ ఆమె దాకా వచ్చి ఆగాడు.

ఫకోరో సూది కింద పెట్టాడు. "నడికట్లు డిపోలో పుట్టి డిపోలో చస్తాయి. మన కొట్టుకి ఒక్కటీ రాలేదు. నీకెవరు నేర్పారే?"

న్యేబా కొస వదల్లేదు. మొలోబలి టోపీ సర్దుకున్నాడు, సరిగ్గానే ఉన్న టోపీని.

"ఎన్నాళ్ళుగా?"

"తొలి వాన నుంచి, నాన్నా."

ఫకోరో ఆకులు విప్పి ఒక కాయ కొరికాడు. నమిలినంతసేపూ ఇద్దరినీ మార్చి మార్చి చూస్తూనే ఉన్నాడు.