సిలాయి మిషన్ చాచా

మారేడ్‌పల్లిలోని ఒక యాడ్ ఏజెన్సీలో చేరిన కొత్తలో నా పని ఒక్కటే. జనం ఫోన్‌లో ఏదైనా వెతికినప్పుడు మా క్లయింట్ల ప్రకటన పైన కనబడేలా చూడాలి. ఏయే మాటలు వెతికితే రావాలో నేనే రాసిపెట్టేదాన్ని. ప్రకటన మీద ఎవరైనా క్లిక్ చేస్తేనే క్లయింటుకు ఖర్చు.

మౌలాలిలో కుట్టుమిషన్లు బాగుచేసే పెద్దాయన నా మొదటి క్లయింట్. చాచా అని పిలిచేదాన్ని. ప్రకటన పెట్టి రెండు వారాలైనా ఆయనకు ఒక్క ఫోనూ రాలేదు. క్లిక్కులు మాత్రం రోజూ పొద్దున పడుతున్నాయి, అన్నీ మౌలాలి నుంచే. ఏమీ అర్థంకాక బస్సెక్కి దుకాణానికే వెళ్ళాను.

"చాచా, పొద్దున్నే మన యాడ్ ఎవరు నొక్కుతున్నారో ఏమో!"

"నేనే బేటీ," అన్నాడు సంబరంగా. "షట్టర్ తెరువంగనే జెర నొక్కి చూస్త. నా దుకాన్ పేరు గట్ల కనవడితే దిల్ ఖుష్ అయితది."

కోప్పడదామంటే నోరు రాలేదు. అలా నొక్కితే ఖర్చు ఆయనకేనని మెల్లగా చెప్పాను. ముఖం చిన్నబోయింది పాపం. చాయ్ తెచ్చిన ఆయన భార్య, చాచీ, నేను ఏ మాటలు పెట్టానో చదవమంది. 'కుట్టుమిషన్ మరమ్మతు', 'కుట్టుయంత్రం సర్వీసు' అని చదివాను. చాచీ పకపకా నవ్వింది.

"గిట్ల ఎవరంటరమ్మా? మా దిక్కు సిలాయి మిషన్ అంటరు. దారం తెగుతుందని, సూది విరుగుతుందని వస్తరు ఆడోళ్ళు."

అక్కడే ఒక స్టూలు మీద కూర్చుని, చాచీ చెప్పిన మాటలన్నీ ప్రకటనకు ఎక్కించాను. మూడో రోజు చాచా ఫోన్ చేశాడు.

"బేటీ! మల్కాజ్‌గిరి నుంచి ఒకామె చేసింది. దారం తెగుతుందంట!"

"నేను చెప్పలే?" అని వెనక నుంచి చాచీ గొంతు.

అప్పటినుంచి ఏ క్లయింట్ వచ్చినా ముందు వాళ్ళ దుకాణంలో ఒక గంట కూర్చుని, వచ్చిపోయేవాళ్ళ మాటలు వినేదాన్ని. మందుల షాపులో, కళ్ళద్దాల షాపులో, ఒకసారి ట్యూషన్ సెంటర్ వరండాలో కూడా. కొన్నేళ్ళకు చూపు మందగించి చాచా దుకాణం మూసేశాడు. ఇప్పుడు మాటలు చాలావరకు సాఫ్ట్‌వేరే ఏరుతుంది. క్లయింట్లను నేను వీడియో కాల్‌లోనే చూస్తాను. మౌలాలి వైపు వెళ్తే ఇప్పటికీ చాచీ నన్ను అన్నం తిననిదే కదలనివ్వదు.