నాన్న గడియారానికి తలంటు

ఆదివారం. పొద్దున్నే సీసాలో కొబ్బరినూనె గడ్డకట్టి ఉండడం చూసి ఆశ్చర్యపోయాను. వెంటనే అరవైల చివర, నరసన్నపేటలో మా ఇల్లు గుర్తొచ్చింది.

నాన్న డ్రిల్లు మాస్టారు. ఆయన చేతిగడియారం క్రోనోగ్రాఫ్. పక్కనున్న బొత్తాం నొక్కితే పరుగుపందేలకి సెకన్లు లెక్కపెట్టే పొడుగు ముల్లు కదిలేది. మీ నాన్నల గడియారాలు మీరూ చెవి దగ్గర పెట్టుకుని వినేవారు కదా? ఓ మధ్యాహ్నం ఆ ముల్లు తడబడుతోందని, వెనకమూత తీసి రెండు చుక్కల కొబ్బరినూనె వేశాను. చక్కగా తిరిగింది.

మర్నాడు తెల్లారగట్ల చలిలో, జిల్లా జట్టు ఎంపికకి అక్క పరిగెత్తింది. సగం దూరంలోనే ముల్లు ఆగిపోయింది. టైము లేనిదే పేరు రాయరు. ఎంపికకి ఇంకొక్క రోజే మిగిలింది.

నాన్న మమ్మల్ని వెంటబెట్టుకుని గడియారాలు బాగుచేసే మావ దగ్గరికి వెళ్ళారు. మావ మూత తీసి వాసన చూశాడు.

"ఏటి మాస్టారూ, గడియారానికి తలంటేసినారేటి? నూనె పేరుకుపోనాది!"

ఏడుస్తూ ఒప్పుకున్నాను. మావ పళ్ళచక్రాలన్నీ విప్పి, పెట్రోలుతో కడిగి, సూదిమొనతో గడియారాల నూనె పెట్టి, ముల్లుని సున్నా మీదికి సర్దేసరికి సాయంత్రమైంది.

"రేపు పొద్దున్నే మళ్ళీ పరిగెడతాను నాన్నా," అంది అక్క, నావైపు వేలు చూపిస్తూ. "దీన్ని మాత్రం ఇంట్లో కట్టేసి రా."